బీటా ముద్ర తీయడానికి ఎవరికీ తొందర లేదు

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న బయటికొచ్చింది. దాని లోగో పక్కన, ఇంకా పరీక్షలోనే ఉందని చెప్పే బీటా ముద్ర పోయింది మాత్రం 2009 జులై 7న. అంటే అయిదేళ్లు దాటింది. ఈ అయిదేళ్లలో జీమెయిల్, ఎవరో ఒకరు ఆహ్వానం పంపితే తప్ప అకౌంట్ దొరకని రోజుల నుంచి 2007 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచిన స్థితికొచ్చింది, ఆ తర్వాత కోట్లమంది తమ ఉద్యోగ దరఖాస్తులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ దాచుకునే చోటైంది. అయినా ముద్ర కదల్లేదు. చివరికి దాన్ని తీసేసిన రోజున ప్రోడక్ట్‌లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు, నిన్న ఎలా పనిచేసిందో ఇవాళా అలాగే పనిచేసింది. ఆ ముద్ర మీద మమకారం పెంచుకున్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని మళ్లీ తెచ్చుకునే ఆప్షన్ కూడా గూగుల్ ఇచ్చింది. ముద్రకూ సాఫ్ట్‌వేర్ పరిస్థితికీ సంబంధం ఎంత తెగిపోయిందో చెప్పడానికి ఈ ఒక్క ఆప్షన్ చాలు.

మరి ఆ రోజే ఎందుకు తీశారు? పెద్ద సంస్థలు, ఇంకా ట్రయల్‌లో ఉన్నట్టు వినిపించే సాఫ్ట్‌వేర్ మీద తమ వ్యాపారం నడపడానికి ఇష్టపడటం లేదని గూగుల్ తనే చెప్పింది. జీమెయిల్‌తో పాటు క్యాలెండర్, డాక్స్, టాక్‌కు కూడా అదే రోజు ముద్ర పోయింది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 2007లోనే ఆఫీసుల కోసం ఏడాదికి ఒక్కో యూజర్‌కు 50 డాలర్ల లెక్కన ఒక ప్యాకేజీ అమ్మడం మొదలుపెట్టారు, అందులో మెయిల్ 99.9 శాతం సమయం పనిచేస్తుందని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. అంటే అదే మెయిల్, డబ్బు కట్టినవాళ్లకు హామీతో, కట్టనివాళ్లకు ఏ హామీ లేకుండా, రెండేళ్లకు పైగా నడిచింది. ఇద్దరికీ పైన కనిపించే ముద్ర మాత్రం ఒకటే.

అదే కంపెనీ, దాదాపు అదే కాలం, ఇంకో ప్రోడక్ట్ చూడండి. క్రోమ్ బ్రౌజర్ 2008 సెప్టెంబర్ 2న బీటాగా వచ్చి అదే డిసెంబర్ 11న బీటా దాటేసింది. సరిగ్గా 100 రోజులు. బ్రౌజర్ అంటే మెయిల్ కంటే తేలికైన వ్యవహారమేమీ కాదు, ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి చెత్త పేజీనీ తట్టుకోవాలి, ప్రతి దాడికీ ఎదురు నిలబడాలి. అయినా అంత తొందరగా ఎలా కుదిరింది? కొత్త కంప్యూటర్లలో క్రోమ్‌ను ముందే వేసి అమ్మాలంటే తయారీదారులు బీటాను ఒప్పుకోరని అప్పట్లో వార్తలొచ్చాయి. సర్వర్లను అద్దెకిచ్చే అమెజాన్ వాళ్ల ఈసీ2 కూడా 2006 ఆగస్టులో బీటాగా మొదలై 2008 అక్టోబర్‌లో బయటపడింది, ఆ ముద్ర తీసినప్పుడే 99.95 శాతం హామీ కూడా ప్రకటించారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమయ్యేది ఇదీ: బీటా ఎంతకాలం ఉంటుందన్నది లోపల ఎన్ని బగ్స్ మిగిలాయన్న దాన్నిబట్టి తేలడం లేదు. కంపెనీని నిలదీసి "నాకు హామీ కావాలి" అని అడగగలిగే కొనుగోలుదారు ఎప్పుడొచ్చాడన్న దాన్నిబట్టి తేలుతోంది. అలాంటివాడు రాకపోతే ముద్ర అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాన్ని తీయడం వల్ల లోపలున్నవాళ్లెవరికీ లాభం లేదు.

ఈ చివరి మాట కొంచెం వివరంగా చెప్పాలి. బయటినుంచి చూసేవాళ్లకు బీటా నుంచి బయటికి రావడమంటే లోగో మార్చడమే అనిపిస్తుంది. లోపల అది పెద్ద పనుల చిట్టా. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరు లేవాలో డ్యూటీలు వేయాలి. కస్టమర్ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. డాక్యుమెంటేషన్ పూర్తిచేయాలి, సెక్యూరిటీ రివ్యూ దాటాలి, చూపులేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వాడుకోగలరా అన్నది పరీక్షించాలి, డేటా పోతే ఎంతసేపట్లో వెనక్కి తేగలమో నిజంగా తెచ్చి చూడాలి. వీటన్నిటికంటే బరువైనది, ఈరోజు ఉన్న పద్ధతిని రేపు ఇష్టం వచ్చినట్టు మార్చబోమని ఒప్పుకోవడం. తొందరలో పెట్టిన ఓ చెత్త పేరు, ఆలోచించకుండా ఎంచుకున్న ఓ డిఫాల్ట్, ఇవన్నీ స్టేబుల్ (ఇక నమ్మి వాడుకోవచ్చు) అని ప్రకటించిన మరుక్షణం నుంచి మెడకు చుట్టుకుంటాయి. ఇంత పని చేసిన టీముకు చివర్లో చూపించడానికి కొత్త ఫీచర్ ఒక్కటి కూడా ఉండదు. చాలా కంపెనీల్లో ప్రమోషన్ వచ్చేది కొత్తది లాంచ్ చేసినవాడికి, ఉన్నదాన్ని గట్టిచేసినవాడికి కాదు. బీటాగా విడుదల చేసిన రోజే చప్పట్లు అయిపోతాయి, ప్రెస్ నోట్ వెళ్లిపోతుంది, ఆ టీములో చురుకైన ఇద్దరు ముగ్గురు తర్వాతి ప్రాజెక్టుకు మారిపోతారు. మిగిలినవాళ్ల దగ్గరికి పాతిక పనుల చిట్టా వస్తుంది. వాళ్లు సోమరులు కారు, వాళ్ల ముందు రోజూ ఇంతకంటే అర్జెంటు పని ఇంకోటి ఉంటుందంతే.

లీగల్ వాళ్ల వైపు నుంచి చూసినా ఇదే కథ. బీటా షరతుల్లో ఎప్పుడూ ఒకే రకం వాక్యాలు కనిపిస్తాయి: ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఎప్పుడైనా ఆపేయొచ్చు, నష్టం జరిగితే మాది బాధ్యత కాదు. మామూలు ప్రోడక్ట్ షరతుల్లోనూ ఇలాంటివి ఉంటాయి గానీ, బీటా అన్న మాట పైన ఉంటే వాటికి ఇంకాస్త బలం, ముఖ్యంగా జనం దృష్టిలో. పడిపోతే "బీటా కదా" అని మనమే సర్దిచెప్పుకుంటాం. ఆ సర్దుబాటు కంపెనీకి ఉచితంగా దొరికే ఆస్తి. దాన్ని తనంతట తాను ఎవరు వదులుకుంటారు?

ఇది మొదటినుంచీ ఇలా లేదు. సాఫ్ట్‌వేర్ డిస్కుల మీద అచ్చయి డబ్బాల్లో అమ్ముడైన కాలంలో బీటాకు గట్టి హద్దు ఉండేది. ఒకసారి డిస్కులు ఫ్యాక్టరీ దాటితే తప్పు దిద్దడం దాదాపు అసాధ్యం, అందుకని దానికి ముందే బయటి జనంతో వాడించి చూసేవాళ్లు. ఆపిల్ 2000 సెప్టెంబర్‌లో తన కంప్యూటర్ల కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్ టెన్ పబ్లిక్ బీటాను 29.95 డాలర్లకు అమ్మింది. పరీక్ష చేసిపెట్టడానికి జనమే ఎదురు డబ్బు కట్టడం అన్యాయమే, కానీ ఆ బీటాలో రెండు మంచి విషయాలున్నాయి. 2001 మే దాటితే అది పనిచేయకుండా ఆగిపోయేలా లోపలే గడువు పెట్టారు, అసలు వెర్షన్ కొన్నప్పుడు కట్టిన డబ్బు మేరకు తగ్గింపు ఇచ్చారు. అంటే బీటా ఎప్పుడు చచ్చిపోతుందో పుట్టినరోజే రాసి ఉంది. అసలు వెర్షన్ 2001 మార్చిలో వచ్చింది.

వెబ్ వచ్చాక ఆ హద్దు చెరిగిపోయింది. సర్వర్ మీద ఉన్న కోడ్‌ను రోజుకు పదిసార్లు మార్చొచ్చు, కాబట్టి "పూర్తయింది" అని చెప్పే రోజు అంటూ లేదు. 2005లో టెక్ పుస్తకాల ప్రచురణకర్త టిమ్ ఓరైలీ, కొత్త తరం వెబ్‌కు పెట్టిన పేరైన వెబ్ 2.0 గురించి రాస్తూ ఈ ఎడతెగని బీటాను కొత్త తరం సాఫ్ట్‌వేర్ లక్షణంగా చెప్పాడు, ఆ మాట అందరికీ నచ్చేసింది. ఫొటోల సైట్ ఫ్లికర్ 2006లో బీటా తీసేసి దాని స్థానంలో, గ్రీకు అక్షరాల్లో తర్వాతిదైన గామా అని రాసుకుంది, అంత ఉత్సాహం ఆ రోజుల్లో. ఈ వాదనలో న్యాయం ఉందని నేనూ ఒప్పుకుంటాను. నిరంతరం మారే వస్తువును పూర్తయిందనడం అబద్ధమే అవుతుంది, వాడేవాళ్ల అనుభవం చూస్తూ దిద్దుకోవడం గదిలో కూర్చుని ఊహించుకోవడం కంటే ఎన్నో రెట్లు మంచి పద్ధతి. కానీ మారుతూ ఉండటం వేరు, జవాబుదారీ లేకపోవడం వేరు. ఈసీ2 బీటా దాటాక మారడం మానేసిందా? ఇప్పటికీ మారుతూనే ఉంది, హామీ కూడా ఉంది. ఈ రెంటినీ కలిపేసి "మేం ఎప్పుడూ నేర్చుకుంటూనే ఉంటాం, అందుకే బీటా" అనడం అందంగా వినిపిస్తుంది గానీ, మునిగితే మాకు సంబంధం లేదు అన్న అర్థం దాని కిందే దాక్కుని ఉంటుంది.

ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైన పాఠంగా అనిపించేది కూబర్‌నెటిస్. ప్రపంచంలో చాలా పెద్ద సంస్థల సర్వర్లను నడిపే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) వ్యవస్థ ఇది. ఇందులో కొత్త ఫీచర్ ఆల్ఫాగా, అంటే తొలి ప్రయోగంగా మొదలై, బీటాకొచ్చి, ఆ తర్వాత స్టేబుల్ కావాలి. ఆల్ఫా డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది, బీటా మాత్రం చాలాకాలం పాటు డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉండేది. చిక్కంతా అక్కడే మొదలైంది. ఆన్‌లో ఉంది కదా అని అందరూ వాడేశారు. బయటి నుంచి వెబ్ ట్రాఫిక్‌ను లోపలి సర్వీసులకు పంపే ఇంగ్రెస్ అనే ముఖ్యమైన ఏపీఐ (వేరే ప్రోగ్రాములు ఒక ఫీచర్‌ను వాడుకునే దారి) 2015లో బీటాగా వచ్చి 2020 ఆగస్టులో గానీ స్టేబుల్ కాలేదు. టైమ్ ప్రకారం పనులు నడిపించే క్రాన్‌జాబ్ 2017 నుంచి 2021 దాకా బీటాలోనే ఉంది. ఆ ఏళ్లన్నీ అవి నిజమైన కంపెనీల్లో, నిజమైన పనులకు, రాత్రింబగళ్లు నడిచాయి. వాడేవాళ్లకు తొందర లేదు, ఎందుకంటే అది పనిచేస్తోంది. రాసినవాళ్లకు తొందర లేదు, ఎందుకంటే జనం ఎలాగూ వాడుతున్నారు. అందరూ వాడుతున్నారు గనక మార్చడానికి భయం, పేరుకు బీటా గనక గట్టిచేయడానికి బద్ధకం. పాడ్ సెక్యూరిటీ పాలసీ అనే భద్రతా ఫీచర్‌దైతే ఇంకా ఘోరం. ఎన్నో సంస్థలు దానిమీద తమ భద్రతా నియమాలు కట్టుకున్నాక, అది స్టేబుల్ కాకుండానే 2022లో వచ్చిన 1.25 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. నమ్ముకున్నవాళ్లందరూ నియమాలు మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

నాకు ఆ ప్రాజెక్టు మీద గౌరవం పెరిగింది వాళ్లు దీన్ని కప్పిపుచ్చకుండా బయటపెట్టినందుకు. 2020లో ఒక నియమం తెచ్చారు: ఏదైనా ఏపీఐ బీటాలోకి రాగానే గడియారం మొదలవుతుంది, మూడు విడుదలల్లోపు, అంటే సుమారు తొమ్మిది నెలల్లో, అది స్టేబుల్ అయినా కావాలి, లేదా పాత బీటాను పక్కనపెట్టి మెరుగైన కొత్త బీటాగా అయినా రావాలి. కదలకుండా కూర్చోవడం కుదరదు. తర్వాత 1.24 నుంచి కొత్త బీటా ఏపీఐలను డిఫాల్ట్‌గా ఆపేసి ఉంచుతున్నారు, కావాలంటే తెలిసి ఆన్ చేసుకోవాలి. ఇంగ్రెస్, క్రాన్‌జాబ్‌ల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పని 2020కి అటూ ఇటుగా పూర్తయింది. ఇంజినీర్లు వాళ్లే, కోడ్ అదే. గడువు ఒక్కటే కొత్తది.

ఓపెన్ సోర్స్‌లో ఇంకో రకం ఉంది, దాన్ని ఇదే గాటన కట్టడం అన్యాయం. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిపించే వైన్ 1993లో మొదలై 2008లో గానీ 1.0, అంటే పూర్తయిన తొలి వెర్షన్ అనలేదు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ 2003 నుంచి 2020 దాకా ఆగింది. సొంత డబ్బు, సొంత సమయం పెట్టి రాసేవాళ్లు తమ పనిని తామే కఠినంగా కొలుచుకోవడం అది, అక్కడ ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఆ వినయం వల్ల కూడా ఒక చిక్కుంది. వెబ్‌లో సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1998 నుంచి 2010 దాకా సున్నాతో మొదలయ్యే వెర్షన్ నంబర్లతోనే నడిచింది, అప్పటికే వెబ్‌లో ఎన్నో సైట్ల పాస్‌వర్డులూ కార్డు నంబర్లూ దాని చేతుల మీదుగానే వెళుతున్నాయి. నంబర్ చూసి "ఇంకా మొదలే" అనుకుంటే, అది మోస్తున్న బరువుకు తగ్గ డబ్బూ మనుషులూ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

డబ్బు తీసుకునే చోటికి వస్తే నా ఓపిక తగ్గుతుంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2013లో ఎర్లీ యాక్సెస్ తెచ్చింది, పూర్తికాని గేమ్‌ను డబ్బు కట్టి ఆడే పద్ధతి. దీనివల్ల మంచి జరగలేదని కాదు. స్టీమ్‌తో సంబంధం లేకుండానే మైన్‌క్రాఫ్ట్ ఆల్ఫా, బీటా దశల్లో అమ్ముడవుతూ, ఆడేవాళ్లు చెప్పింది వింటూ ఎదిగి 2011 నవంబర్‌లో పూర్తిస్థాయిలో వచ్చింది. కానీ డేజీ 2013 డిసెంబర్ నుంచి 2018 డిసెంబర్ దాకా ఎర్లీ యాక్సెస్‌లో ఉంది. సెవెన్ డేస్ టు డై 2013లో మొదలై 2024లో 1.0 అయింది. పదేళ్లు దాటింది, మొదట కొన్న కుర్రాడు ఈపాటికి చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఉంటాడు. ఫోర్ట్‌నైట్ మీద డబ్బు వరదలా వచ్చిపడుతున్న రోజుల్లో కూడా 2020 జూన్ దాకా ఎర్లీ యాక్సెస్ ముద్ర ఉంది. ప్రపంచంలో ఎక్కువమంది ఆడే గేముల్లో ఒకటి, భారీ బహుమతులతో టోర్నమెంట్లు నడుపుతున్న గేమ్, ఇంకా పూర్తికాలేదని ఏ ముఖంతో చెబుతుంది? డబ్బు తీసుకున్న క్షణం నుంచి అది అమ్మకం. అమ్మకానికి ఉండే బాధ్యతలన్నీ అక్కడినుంచే మొదలు కావాలి, పైన ఏ ముద్ర ఉన్నా సరే.

టెస్లా ఈ పద్ధతిని రోడ్డు మీదికి తెచ్చింది. ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ బీటాను 2020 అక్టోబర్‌లో కొద్దిమందికి, 2022 నవంబర్‌లో ఉత్తర అమెరికాలో కొన్నవాళ్లందరికీ ఇచ్చారు. అప్పటికి దాని ధర 15,000 డాలర్లు. 2023 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ అభ్యంతరాలతో సుమారు 3,62,000 కార్లకు రీకాల్ ప్రకటించాల్సి వచ్చింది, స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగకపోవడం, మలుపు తిరగాల్సిన లేన్ నుంచి నేరుగా వెళ్లిపోవడం లాంటి ప్రమాదాలున్నాయని. 2024లో బీటా అన్న మాట తీసేసి సూపర్‌వైజ్డ్ అని పెట్టారు, ఇది కొంత నిజాయితీ ఉన్న మాట, స్టీరింగ్ మీద మీ కన్నుండాలని చెబుతోంది కాబట్టి. మెయిల్ బీటాకు ఒప్పుకున్నవాడు తన మెయిల్‌ను పణంగా పెట్టాడు, అది అతని ఇష్టం. కారు బీటాకు మాత్రం ఎదురుగా వస్తున్నవాడు, రోడ్డు దాటుతున్నవాడు ఎక్కడా "అంగీకరిస్తున్నాను" అని నొక్కలేదు. ఇలాంటి చోట బీటా అన్న మాటే చెల్లకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు ఏఐ ప్రోడక్టుల వంతు. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న రీసెర్చ్ ప్రివ్యూగా వచ్చింది, గూగుల్ బార్డ్ 2023లో ఎక్స్‌పెరిమెంట్‌గా వచ్చింది. బీటా అన్న పాత మాట స్థానంలో ప్రివ్యూ, ఎక్స్‌పెరిమెంటల్ అని కొత్త మాటలు, కింద చిన్న అక్షరాల్లో "తప్పులు రావచ్చు" అన్న హెచ్చరిక. ఈ సాఫ్ట్‌వేర్ స్వభావమే అంత, ఏ ప్రశ్నకు ఏం జవాబిస్తుందో తయారుచేసినవాళ్లకే ముందుగా పూర్తిగా తెలియదు, కాబట్టి హెచ్చరిక ఉండాల్సిందే. నా అభ్యంతరం దాని మీద కాదు. ఈ ప్రివ్యూలను నెలవారీ చందాలతో అమ్ముతున్నారు, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో కలిపేస్తున్నారు, వాటి చుట్టూ చిన్న కంపెనీలు తమ ప్రోడక్టులు కట్టుకుంటున్నాయి. ప్రివ్యూ మోడల్‌ను తీసేస్తున్నామని నోటీసు వస్తే వాళ్లు చేయగలిగిందేమీ లేదు. పాడ్ సెక్యూరిటీ పాలసీ కథే మళ్లీ జరుగుతోంది, ఈసారి సర్వర్లు చూసుకునే నిపుణులకే పరిమితం కాకుండా.

పెద్ద కొనుగోలుదారుకు లాయర్లుంటారు, ఒప్పందంలో హామీ రాయించుకుంటాడు. మామూలు యూజర్‌కు ఆ బలం లేదు, కాబట్టి అతని తరఫున ఎవరో ఒకరు గడువు పెట్టాలి. కొన్నిచోట్ల ఇది ఇప్పటికే ఉంది. ఆపిల్ యాప్ స్టోర్‌లోకి బీటా యాప్స్‌ను రానివ్వరు, వాటి చోటు ఆపిల్ పరీక్షల కోసమే పెట్టిన టెస్ట్‌ఫ్లైట్, అక్కడ ఏ బిల్డ్ (యాప్ పరీక్ష కాపీ) అయినా 90 రోజులకు చచ్చిపోతుంది, బయటి టెస్టర్లు 10,000 మందికి మించకూడదు. క్రోమ్ బృందం ఇంకాస్త తెలివిగా ఆలోచించింది. బ్రౌజర్‌లో కొత్త ఫీచర్‌ను నిజమైన సైట్ల మీద పరీక్షించడానికి ఆరిజిన్ ట్రయల్ అనే పద్ధతి పెట్టారు, దానికి గడువు ఉంటుంది, పైగా క్రోమ్‌లో తెరుచుకునే మొత్తం పేజీల్లో దాని వాడకం 0.5 శాతం దాటితే అది దానంతటదే ఆగిపోతుంది. వెబ్‌కిట్ ప్రిఫిక్స్‌ల (ప్రయోగ దశలోని ఫీచర్ల పేర్ల ముందు కొన్ని బ్రౌజర్లు తగిలించిన గుర్తుల) అనుభవం నేర్పిన జాగ్రత్త ఇది. ప్రయోగం కోసమని పెట్టిన ఆ పేర్లను సైట్లన్నీ వాడేయడంతో, చివరికి ఫైర్‌ఫాక్స్ కూడా 2016లో వాటిని అర్థం చేసుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. జనం ఒక స్థాయికి మించి ఆధారపడితే అది ఇక ప్రయోగం కాదని కోడ్‌లోనే రాసిపెట్టడం నాకు తెలిసినంతలో బీటాకు దొరికిన అత్యుత్తమ నిర్వచనం. వెబ్ సర్వీసులకూ ఏఐ ప్రివ్యూలకూ అలాంటి హద్దు ఏదీ లేదు. చందా తీసుకునే ప్రతి ప్రివ్యూ పక్కనా అది ఏ తేదీకి ముగుస్తుందో, ఆపేస్తే ఎన్ని నెలల ముందు చెబుతారో, మన డేటా ఏ రూపంలో తిరిగిస్తారో రాసి ఉండాలి. యాప్ స్టోర్లు తమ నియమాల్లో ఈ మూడూ చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.